గంజి పెట్టిన సుడి

ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళలో జనం ఒకటో రెండో ఆవులు ఎందుకు పెంచుతారో రాసుకోవడానికి అనురాధ అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకొని వచ్చింది. జవాబులు అందులో ముందే ఉన్నాయి: పాల రాబడి, పేడ ఎరువు, బ్యాంకు రుణం. అన్నీ విని వెంకటేశ్వరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇవి కావు పాపా. ఇంగేమన్నా ఉంటే సెప్పు."

"ఇతరములు అని ఉంది అవ్వా."

"ఆ, అది కొట్టు."

ఆ గడిలో పట్టని సంగతి ఇది.

వెంకటేశ్వరమ్మది నేత ఇల్లు. ముప్పై ఏళ్ళుగా రాట్నం ముందు కూర్చొని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. చీర నేసేది మొగుడు తిప్పేస్వామి కాబట్టి మెచ్చుకోళ్ళన్నీ ఆయనకే. మూడేళ్ళ కిందట ఇంటికి ఎర్రావు వచ్చాక ఆమెకు రోజూ రెండు పూటలా వీధిలోకి పోయే హక్కు దొరికింది. గడ్డికి పోతే గట్టు మీద నలుగురు కలుస్తారు. పాలకేంద్రంలోనైతే పాలకన్నా ముందు ఊరి సంగతులు కొలుస్తారు. "రాట్నం ముందర కూసుంటే గోడ కనిపిస్తాది, ఆవు యెనకాల పోతే ఊరు కనిపిస్తాది" అంటుంది. పశుపోషణ మీద పుస్తకాలు రాసిన పెద్దలు మేత గురించీ వెన్న శాతం గురించీ అధ్యాయాలు నింపారు గానీ, ఇల్లు దాటడానికి ఆవును మించిన సాకు లేదని ఒక్కరూ రాయలేదు. వాళ్ళలో ఎవరూ కండెలు చుట్టి ఉండరు.

ఈసారి శ్రావణం ముందర తిప్పేస్వామికి స్కూటర్ మీద మనసు పోయింది. ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద ఇంకెన్నేళ్ళు పోవాలని ఆయన బాధ. ఆదోనిలో ఒక పాత బండి చూసి వచ్చి, ఆవును అమ్మేద్దామని దళారి మద్దయ్యకు కబురు పెట్టాడు. పెళ్ళానికి ఆ మాట చెప్పింది మాత్రం మద్దయ్య వచ్చే రోజు పొద్దున.

ఆమె గొడవ పడలేదు. పడుగుకు పెట్టగా మిగిలిన గంజి, నూలు దువ్వే కుంచె చేతబట్టుకొని కొట్టంలోకి పోయింది. ఆవు నడుం మీద వెంట్రుకలు తడిపి, గుండ్రంగా తిప్పి దువ్వి, ఎండలో కట్టేసింది. అరగంటలో చక్కటి సుడి లేచింది.

ఇటువైపు ఆవును కొనేవాడు పళ్ళకన్నా ముందు సుడులు చూస్తాడు. సుడుల గురించి నేను తిరగేసిన పాత పుస్తకాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకచోట సిరి తెచ్చే సుడి ఇంకొకచోట ఇల్లు కూలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం అన్నిటిదీ ఒకటే మాట: కీడు ఎప్పుడూ యజమానికే. పేడ ఎత్తే మనిషి జోలికి ఏ సుడీ రాదు.

మద్దయ్య ఆవు చుట్టూ తిరిగి, నడుం మీద చేయి వేయబోయి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"తిప్పన్నా, ఏందిది? ఎదురు సుడి! దీన్ని కట్టేసుకున్న యజమాని ఏడాది తిరక్కుండా పోతాడంట."

"యాడ? నేనెప్పుడూ సూళ్ళేదే!" అన్నాడు తిప్పేస్వామి. మూడేళ్ళు దాని పాలతో టీ తాగాడే గానీ, దాని వీపు ఏనాడూ చూడలేదు. "మూడేండ్లాయె గదప్పా, నేను బాగానే ఉండానే!"

"అదే అన్నా నా భయం. ఇంగ యా పొద్దయినా రావచ్చు."

తిప్పేస్వామికి స్కూటర్ గుర్తే లేదు. "ఊరికే తోలుకపో మద్దయ్యా. తాడు గూడా నాకొద్దు."

"నాకూ పెండ్లాం పిల్లోళ్ళు ఉండారన్నా! గోశాలోళ్ళకు సెప్తా, సాయంత్రం వచ్చి తోలుకపోతారు."

గడపలో నిలబడ్డ వెంకటేశ్వరమ్మకు లెక్క తప్పిందని తెలిసింది. కొనేవాడికి పట్టాల్సిన భయం ఇంటాయనకు పట్టుకుంది. నిజం చెబితే ఆవు అమ్ముడుపోతుంది, చెప్పకపోతే ఊరికే పోతుంది.

"మద్దయ్యా, కీడు యజమానికే గదా?"

"అవునక్కా."

"అట్లయితే ఆవును నా పేరు మీద రాపియ్యండి. ఆయప్ప సల్లగుంటాడు, ఆవూ ఉంటాది."

"నీకేమన్నా అయితే?" అన్నాడు తిప్పేస్వామి.

"అయితే కండెలు నువ్వే సుట్టుకో."

ఆయన చెప్పులు తొడుక్కునేంత సేపు ఆలోచించాడు. తర్వాత నేరుగా పాలకేంద్రానికి పోయి, పుస్తకంలో తన పేరు కొట్టించి, పెళ్ళాం పేరు రాయించాడు. ఎందుకైనా మంచిదని మద్దయ్య చేత సాక్షి సంతకం కూడా పెట్టించాడు.

మూడో రోజు ఆవు మేతలో ఉండగా వాన దంచికొట్టింది. తెల్లారి ఆవు నడుం నున్నగా మెరుస్తోంది.

"ఏమే, సుడి యాడ పోయినాది?"

"ఎవరి కోసరం వచ్చినాదో ఆయప్ప యజమాని కాకపాయె. ఇంగ ఈడేం పని దానికి?"

తిప్పేస్వామి ఈరన్నకు దండం పెట్టుకొని, కొత్త పడుగుకు గంజి పట్టించడానికి కుంచె అందుకున్నాడు. నాలుగు సార్లు దువ్వాడో లేదో, తెల్లటి నూలు మీద ఎర్ర వెంట్రుకలు తేలాయి. కుంచె తిప్పి చూస్తే పీచుల్లో ఇంకా కొన్ని. కుంచె వంక, కొట్టం వంక, పెళ్ళాం వంక చూశాడు. అడుగుదామంటే, గండం వస్తుందని పెళ్ళాం పేరు ముందుకు తోసింది ఎవరనే మాటా వస్తుంది. దానికి మద్దయ్య సాక్షి సంతకం ఉంది.

"ఏంది, అట్ల సూస్తాండావు?"

"ఏం లేదు. పడుగులో నలుసు పడింది."

"తీసెయ్ మల్ల. నేను పాలు పోసొస్తా."

వెంకటేశ్వరమ్మ క్యాను ఎత్తుకొని వీధిలోకి పోయింది. ఎంతసేపట్లో వస్తావని తిప్పేస్వామి అడగలేదు. వంగి, వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాడు.