సారవ్వ కొసరు

వానాకాలం పొద్దున వరంగల్‌లో మా కొట్టు షట్టరు ఎత్తగానే, గల్లాపెట్టె పక్కనున్న పాత గంప తడి వెదురు వాసన వేస్తుంది. దాని అడుగున ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఈ రోజు పుట్నాలు. గంపను ఖాళీగా ఉంచకూడదని నాకు నేర్పింది సారవ్వ.

డెబ్బైల చివర్లో ఒక శ్రావణంలో, పెండ్లివారికి కావలసిన గంపల కోసం మా నాయిన మొదటిసారి నన్నొక్కణ్ణే బేరానికి పంపాడు. ఏటూరునాగారం దాకా బస్సు, ఆపైన పడవ. గోదారి నడుమ ఒక లంక, దాని మీద నాలుగు గుడిసెలు. అక్కడ గంపలల్లేవాళ్లకు పెద్దదిక్కు సారవ్వ. నేనేమో సరుకు కన్నా కొసరు మీదే కన్నేసి పెరిగినవాణ్ణి. కొసరుగా కరివేపాకు వెయ్యలేదని కొన్న కూరగాయలు వెనక్కిచ్చిన ఘనత నాది.

సారవ్వ మొదట బేరం మాటే ఎత్తనివ్వలేదు. జొన్న గటక, వెదురు కొమ్ముల కూర, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప పెట్టింది. నేను తింటుంటే తాను అల్లబోయే ప్రతి వెదురు బద్దనూ చెంపకు రాసుకుని చూసింది. గుచ్చుకుంటే మళ్లీ గీకింది.

“పెండ్లిపిల్ల చెయ్యి పెడ్తది గదా బిడ్డా” అంది.

చెయ్యి కడుక్కోకముందే మొదలుపెట్టాను. “ధర జర తగ్గించు అవ్వా. మా దిక్కు గింత పెట్టి ఎవ్వరు కొనరు.”

“కొనకుంటే నువ్వు గోదారి దాటి ఎందుకొచ్చినవ్?”

చివరికి నేనన్న ధరకే వచ్చింది. గెలిచాననుకున్నాను. అంతలో పడవాయన కేకేశాడు. గోదారి పొంగుతోంది, ఇదే ఆఖరి పడవ, తప్పితే నీళ్లు తీసేదాకా లంకలోనే. పెండ్లి నా కోసం ఆగదు. నాయిన ఇంకెప్పుడూ నన్ను బేరానికి పంపడు. గబగబా గంపలన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చాను. సారవ్వ వచ్చి అన్నీ ఊడదీసింది.

“ఖాళీ గంప గోదారి దాటదు. అల్లినోళ్ల ఇంట్లకెల్లి ఏదన్న పడాలె.”

అంతే, గుడిసెల్లోంచి అందరూ బయల్దేరారు. ఇప్పపువ్వు, చింతపండు, మక్కలు, ఒకాయన ఏకంగా సొరకాయ. నిండిన గంపలు ఒకదాంట్లో ఒకటి దూరవు, విడిగా పెడితే పడవలో పట్టవు. జన్మలో మొదటిసారి, కొసరు తగ్గించమని బేరమాడాను.

“చిటికెడు చాలు అవ్వా!”

“చిటికెడు చీమలకు. దోసెడు.”

“పిడికెడు?”

“శావుకారి కొడుకువు, కొసరు తీసుకోనీకి ఏడుస్తానవా!”

పడవాయన తాడు విప్పుతున్నాడు. ఆమె పిడికెడుకు దిగింది. గంపకింత ఎండు ఇప్పపువ్వు వేసి, తానే ఒకదాంట్లో ఒకటి పేర్చి పడవెక్కించింది. పెండ్లింట్లో గంపలు విడదీస్తే ఇల్లంతా తియ్యటి వాసన. పెండ్లికూతురి తల్లి ఒక పువ్వు నోట్లో వేసుకుని నవ్వింది. మా నాయిన మాత్రం నన్ను అనుమానంగా చూసి, “వాళ్లే ఇచ్చిన్రా, నువ్వు గుంజినవా?” అన్నాడు.

నీళ్లు తీశాక, పెండ్లిలో మిగిలిన ఒక గంపలో బెల్లం, పుట్నాలు పోసుకొని మళ్లీ లంకకు వెళ్లాను, మెచ్చుకుంటుందని. సారవ్వ తొంగి చూసి, “ఇంతేనా?” అంది. గుడిసెలన్నీ నవ్వాయి. తిరిగొచ్చేటప్పుడు అదే గంపను ఎండుచేపలతో నింపింది. అలా ఏళ్లపాటు అది అటూ ఇటూ తిరిగింది, ఒక్కసారీ ఖాళీగా కాదు. ఎనభైల్లో ఆమె పోయింది. తర్వాత లంకవాళ్లు ఒడ్డు మీది ఊళ్లకు చెదిరిపోయారు. గంప నా దగ్గరే ఆగిపోయింది.

ధరలో నేను ఇప్పటికీ మెట్టు దిగను, మా వాడకట్టులో ఎవరినైనా అడగండి. కానీ సరుకు కట్టాక, గిరాకీ నోరు తెరవకముందే, ఆ గంపలోంచి ఒక పిడికెడు తీసి సంచిలో వేస్తాను. ఒక్కోసారి నా శావుకారి పిడికిలి దానంతటదే ముడుచుకుంటుంది. “ఇంతేనా?” అని వినిపిస్తుంది. మళ్లీ గంపలో చెయ్యి పెడతాను.