సత్తన్న అతుకు, యాదమ్మ వదిన బకెట్

ఈ పోస్ట్ రాయొద్దనే అనుకున్నాను. ఎనభై దాటినవాడు ఎనభై దాటినవాడి గురించి రాస్తే ఎవరు చదువుతారు?

కానీ నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. "సత్తన్న పోయిండు" అన్నారు. మొన్న ఆదివారమే మాట్లాడాం, నా పళ్ల సెట్ మీద జోకు కూడా వేశాడు.

అందుకే రాస్తున్నాను.

పాలమూరులో సత్తన్నది రేకు సామాన్లు అతికే దుకాణం. అరవైల చివర ఊళ్లోకి ప్లాస్టిక్ కొత్తగా వచ్చింది. ఆయన భార్య యాదమ్మ వదినకు కాన్పులో కడుపు కోశారు. "ఆర్నెల్లు బరువు ఎత్తితే కుట్లు ఆగవు" అని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇంట్లో రాగి బిందె. నీళ్లేమో బావి దగ్గర.

సత్తన్న హైదరాబాద్ పోయి తేలికైన ఎర్ర ప్లాస్టిక్ బకెట్ తెచ్చాడు. సగం నింపి తెచ్చుకొమ్మన్నాడు. వాడకట్టంతా వచ్చి దాన్ని ముట్టుకుని చూసింది.

మన ఎండ సంగతి తెలుసు కదా. రెండు నెలలకే బకెట్ రంగు వెలిసి, సున్నం రాసినట్టు తెల్లబడింది. ఒకనాడు పక్కన చిట్లింది.

ఇక్కడ కొంచెం దారి తప్పుతాను, ఓపిక పట్టండి. మా ఇళ్లలో వెన్న కాచేటప్పుడు ఒక తమలపాకు వేస్తారు, నెయ్యి తొందరగా ముక్కిపోదని. సత్తన్న వాళ్ల అవ్వ అలా ఆకు వేస్తుంటే ఈయన బుర్రలో లైటు వెలిగింది.

"నెయ్యి చెడనియ్యని ఆకు గీ ప్లాస్టిక్‌ను చెడనిస్తదా?"

ఇక ఎక్స్‌పరిమెంట్లు! పాత ప్లాస్టిక్ ముక్కలు కరిగించి ఒకదాంట్లో ఎండిన తమలపాకు పొడి, ఒకదాంట్లో కరక్కాయ పొడి, ఒకదాంట్లో పసుపు కలిపాడు. ఆ కంపుకు పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. బిళ్లలన్నీ ఇంటి కప్పు మీద ఎండబెట్టాడు.

"ఏం సత్తన్నా, గీ అప్పడాలు ఎప్పుడు కాలుస్తవ్?" అని నేనే అడిగాను.

"ఎండ తాపి సూస్తున్న. ఏది పగలదో గదే అతుకు."

ఎండాకాలం సగం పోయేసరికి కరక్కాయ బిళ్ల ఒక్కటే నిలిచింది. నల్లగా, గట్టిగా. దాన్నే కరిగించి బకెట్‌కు అతికాడు. ఆ రోజు ఆయన నడకే వేరు.

నాలుగో రోజు బావి గట్టు మీద బకెట్ వదిన చేతిలోనే రెండుగా విడిపోయింది. అతుకు చుట్టూరా!

"నీ అతుకు మంచిగనే ఉన్నదయ్యా. బకెటే సచ్చింది" అంది వదిన.

అందరం పడీపడీ నవ్వాం. అతుక్కు మందు వేశాడు కానీ, బకెట్ అప్పటికే లోపల ముసలిదైపోయిందని ఆలోచించలేదు. సత్తన్న నవ్వలేదు. వదిన మర్నాడు ఎవరికీ చెప్పకుండా రాగి బిందె చంకనెత్తుకుంది. సత్తన్న ఎదురెళ్లి, ఆ బిందె దించుకుని తన భుజాన పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో మగవాడు బావి నుంచి నీళ్లు మోస్తే ఎంత నామోషీ! అరుగు మీద నుంచి ఒకాయన అన్నాడు:

"ఏం సత్తిగా, ఇంట్ల ఆడమనిషి లేదా?"

"ఉన్నది. ఉండాల్నని మోస్తున్న."

అరుగు మీద నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇన్నేళ్లలో ఈ మాట ఆయనతో అనలేకపోయాను.

డాక్టరమ్మ చెప్పింది ఆర్నెల్లు. సత్తన్న వీధిలోకి నల్లా నీళ్లు వచ్చేదాకా మోశాడు.

ఈమధ్య ఫోన్‌లో చదివాను. ఆకుల్లో, బెరళ్లలో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు కలిపితే ప్లాస్టిక్ ఎండకు తట్టుకుంటుందా అని పెద్ద పెద్ద ల్యాబుల్లో చూస్తున్నారట. ముందే కలపాలట, చిట్లాక కాదు. మొన్న అదే చెప్తే, "గది నాకెప్పుడో తెలిసింది, జర ఆలస్యంగ తెలిసింది" అన్నాడు.

ఇక మోయాల్సిందేమీ లేదు సత్తన్నా. నిమ్మళంగా ఉండు.

నిన్న కాటి నుంచి వచ్చి, స్నానాలు చేసి, అందరం వాకిట్లో కూర్చున్నాం. యాదమ్మ వదిన నన్ను పిలిచి, అన్నం తిన్నవా అని అడిగింది. లేదన్నాను. పక్కింటివాళ్లు తెచ్చిన అన్నంలోంచి నాకొక పళ్లెం పెట్టించింది.