కిటికీలో కడగని సీసా

ఆ పరిశోధనశాలలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ తళతళమ్మ అనేవారు. పంతొమ్మిదేళ్లుగా గాజు సీసాలు కడగడమే ఆవిడ ఉద్యోగం. ఆవిడ కడిగిన సీసాను ఎత్తి చూస్తే అక్కడ గాజు ఉందో లేదో అనుమానం వచ్చేది. అంత పనిమంతురాలి మీద కూడా రెండు మెమోలున్నాయి. ఒకటి బస్సు ఆలస్యమైనందుకు, రెండోది పెద్దసారు ఉపన్యాసమిస్తుంటే ఆవలించినందుకు. మూడో మెమో రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. ఆ ఉద్యోగం మీద బతికేది ఆవిడా, చూపు పోయిన అత్తగారూ.

పెద్దసారు ఉప్పునీళ్లలో బతికే సూక్ష్మజీవులను పెంచేవాడు. వాటికి కళ్లు లేవు. అయినా వెలుతురును పట్టుకునే రోడాప్సిన్ అనే ప్రోటీన్ వాటి ఒంట్లో తయారవుతుంది. అది బాగా పుడితే నీళ్లు ఊదారంగుకు తిరుగుతాయి. సముద్రంలో కొన్ని వైరస్‌లు సైతం అలాంటి ప్రోటీన్ జన్యువును మోసుకు తిరుగుతాయట. వైరస్‌లకు దక్కింది పెద్దసారుకు ఆరేళ్లుగా దక్కలేదు, అదీ ఆయన తెలివి వల్లే. వెలుతురుకు స్పందించే సరుకు గనక వెలుతురు తగిలితే చెడిపోతుందని తీర్మానించి, సీసాలన్నిటికీ నల్లగుడ్డ చుట్టించాడు. కిటికీలకు నల్ల తెరలు కట్టించాడు. గాలి బాగా ఆడాలని సీసాలను యంత్రం మీద ఆపకుండా ఊపించాడు. వారానికోసారి గుడ్డ విప్పితే నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టు ఉండేవి. "కడిగెయ్" అని ముఖం మాడ్చుకుని వెళ్లిపోయేవాడు.

ల్యాబ్‌లో పరిశోధన చేసే అమ్మాయిని తళతళమ్మ ఓ రోజు అడిగింది.

"కళ్లు లేనివాటికి వెలుతురెలా తెలుస్తుందమ్మా?"

"చూడలేవక్కా. కానీ ఎండ తగిలితే ఆ ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, దాంతో కాస్త సత్తువ తెచ్చుకుంటాయి. మన కంట్లో ఉండేది కూడా ఆ బాపతే."

"ఈ సంగతి సారుకి తెలుసా?"

"నాకు చెప్పిందే ఆయన."

తళతళమ్మకు అత్తగారు గుర్తొచ్చింది. చూపు పూర్తిగా పోయినా ఆ ముసలావిడ పొద్దున్నే కుర్చీ కిటికీ దగ్గరకు ఈడ్చుకుని, ఎండ జరిగినకొద్దీ తానూ జరిగేది. ఒకసారి వాన జల్లు కొడుతోందని కిటికీ మూస్తే, "నన్ను పెట్టెలో పెట్టి మూత వేశావేమే" అని సాయంత్రం దాకా కోడల్ని సాధించింది. ఈ పురుగుల గతీ అంతేగదా అని తళతళమ్మకు జాలేసింది. ఆ వారం కడగమన్న సీసాల్లో ఒకటి కడగలేదు. సీసాలు కడిగే తొట్టి పక్కన తెర కట్టడం మరిచిపోయిన చిన్న కిటికీ ఒకటుంది. మూత బిగించి, కదపకుండా అక్కడ పెట్టింది.

రోజులు గడిచేకొద్దీ నీళ్లు ఊదారంగుకు తిరగసాగాయి. ఆవిడకు పట్టరాని సంబరమేసింది. పెద్దసారుకు చెబుదామనుకుంది గానీ, మెమోలు గుర్తొచ్చి కిమ్మనకుండా ఊరుకుంది.

ఓ పొద్దున పెద్దసారే ఆ సీసాను చూశాడు. రంగు చూడలేదు, మురికి చూశాడు. కడగని సీసాకు బాధ్యులెవరంటూ మూడో మెమో వచ్చింది. ఆవిడ దాన్ని అమ్మాయికి చూపించి జరిగిందంతా చెప్పింది.

"ఉన్నదున్నట్టు రాసెయ్యక్కా, నేను సాక్ష్యం చెబుతా" అంది అమ్మాయి.

"నీ సాక్ష్యంతో మా అత్తకి అన్నం ఉడకదమ్మా."

"నాకందిన సీసాలన్నీ కడిగాను. ఆ సీసా నేను పెట్టలేదు, దాని సంగతి నాకు తెలియదు" అని తళతళమ్మ జవాబు రాసి సంతకం పెట్టింది. విచారణ ముగిసేదాకా సాక్ష్యాన్ని ముట్టుకోరాదని హెడ్‌గుమాస్తా సీసాకు చీటీ అంటించాడు. అలా ప్రభుత్వ రక్షణలో, కిటికీ ఎండలో, సీసా మరో మూడు వారాలు హాయిగా ఉంది.

అప్పుడు ల్యాబ్ ఉంచాలో మూసెయ్యాలో తేల్చడానికి కమిటీ దిగింది. పెద్దసారు పన్నెండు సీసాలకు గుడ్డలు విప్పాడు. పన్నెండింటిలోనూ ఎర్రమట్టి నీళ్లే. కమిటీ పెద్దావిడ నిట్టూర్చి, చేతులు కడుక్కుందామని తొట్టి దగ్గరకు వెళ్లి ఆగిపోయింది. సీసాలో నీళ్లు చిక్కటి ఊదారంగులో ఉన్నాయి.

"ఏమిటిది?"

"విచారణలో ఉందండీ" అన్నాడు హెడ్‌గుమాస్తా.

"వీటికి గాలి తక్కువై, ఎండ తగిలితేనే ఈ ప్రోటీన్ ఇంత బాగా పుట్టేది. ఇక్కడ పెట్టిన మనిషెవరో చెప్పండి. నివేదికలో ఆ పేరే ముందు రాస్తాను" అంది పెద్దావిడ.

తళతళమ్మ బ్రష్షు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ పేరు ఎవరూ అడగలేదు. నోరు తెరిచింది. ఈలోగా హెడ్‌గుమాస్తా ఫైలు తిప్పాడు. "ఎవరూ పెట్టలేదండీ. కడిగే ఆవిడ తనకు తెలియదని రాతపూర్వకంగా ఇచ్చింది."

"నువ్వేనా అమ్మా?" అని పెద్దావిడ మెల్లగా అడిగింది.

అవునంటే మెమో రుజువైపోతుంది, పైగా అబద్ధం రాసిన నేరం. ఫైల్లో సంతకం ఆవిడకు కనిపిస్తూనే ఉంది.

"నేను కాదండీ."

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "నాదే ఒక చిన్న ఆలోచనండీ. ఫలితం తేలేదాకా చెప్పకూడదని..."

ల్యాబ్ బతికింది. ఆరోపణ రుజువు కాలేదని మెమో మూసేశారు. మర్నాడు నల్ల తెరలన్నీ ఊడదీయించి, పెద్దసారు తళతళమ్మను పిలిచాడు. ఇకనుంచి సీసాలను కిటికీల్లో పెట్టాలనీ, ఆవిడకు తెలియదు గనక తానే నేర్పుతాననీ చెప్పి, అరగంటసేపు నేర్పాడు. ఆవిడ ఆవలించకుండా విన్నది. తర్వాత తొట్టి దగ్గరకు వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తగారు కిటికీ దగ్గర, ఆఖరి ఎండలో కూర్చుని ఉంది. "వచ్చానత్తయ్యా" అంది తళతళమ్మ.

"గొంతు అలా ఉందేమే? ఏం జరిగింది ఇవాళ?"

"సీసా కిటికీలో ఎలా పెట్టాలో నేర్చుకున్నానత్తయ్యా."