రొట్టెలావిడ తాళం

కంప్యూటర్ ఆటల్లోని ఊళ్ళకు మనుషుల్ని తయారుచేయడం ఆమె పని. వీరులు, రాక్షసులు వేరేవాళ్ళ వంతు; దారినపోయేవాళ్ళంటే ఆమెకు ప్రాణం. బస్సులో ఎవరైనా తల గోక్కున్నా కన్నార్పకుండా చూసి, తనూ అలాగే గోక్కుంటుంది. పక్కవాళ్ళు కాస్త జరిగి కూర్చుంటారు. ఈసారి ఆమె చేసిన రొట్టెలావిడ కొట్టుకు తాళం వేసి, నాలుగడుగులు వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తుంది. "యుద్ధానికి పోయేవాడు ఇదెక్కడ చూస్తాడమ్మా? తీసెయ్" అన్నాడు పైఅధికారి. "చూసేవాళ్ళు చూస్తారు సార్" అని ఆమె మొండికేసింది.

ఆదివారం అమ్మకు చూపిస్తే పగలబడి నవ్వింది. "పిచ్చిమొహంది! వేసిన తాళం మళ్ళీ లాగుతుందేమిటే?" తర్వాత ఇద్దరూ బజారుకు బయల్దేరారు. అమ్మ తలుపుకు తాళం వేసి, మెట్లు సగం దిగి, గిరుక్కున వెనక్కి తిరిగింది. అమ్మ పైకెళ్ళి తాళం లాగి చూసొచ్చేదాకా, కూతురు సంచి పట్టుకుని కన్నార్పకుండా చూస్తూ నిలబడింది.