మా ఇంట్లో బోకులు తోమిన సీమ మిషను

ఆ రోజుల్లో తిరుపతిలో సొంత ఇల్లున్నవాళ్ళకు దేవుడి దర్శనం ఎప్పుడు దొరికేదో తెలియదు గానీ, చుట్టాల దర్శనం మాత్రం రోజూ దొరికేది. కొండకు పోయేవాళ్ళు పోతూ ఒక పూట, గుండు చేయించుకుని దిగివస్తూ ఒక పూట మా ఇంట్లో తిని తీరాలని ఎవరు నియమం పెట్టారో మరి! ఐరాల నుంచి పెదనాయన బలగం, వడమాలపేట నుంచి అత్త బలగం, వాళ్ళు "పాపం, తోడొచ్చినారు" అని పరిచయం చేసే ఇంకో బలగం. (తోడొచ్చినవాళ్ళే ఎక్కువ తినేవాళ్ళు.) అమ్మ వండేది, అవ్వ వడ్డించేది, నాయన పక్కన నిలబడి "ఇంకొంచెం పెట్టించుకోండప్పా" అనేవాడు. ఈ పనుల పంపకంలో నా వంతుకు వచ్చినవి బోకులు. వండిన సట్టి నుంచి తిన్న తట్ట దాకా తోమాల్సినవన్నీ మా వైపు బోకులే. అంతకుముందు తోమిన పనిమనిషి "మీ సుట్టాలకి నేను సాలను తల్లీ" అని దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆమెకు జీతం ఉండేది కాబట్టి మానేసే హక్కు కూడా ఉండేది. నాకు ఆ రెండూ లేవు.

ఆ యేడు నేను ఇంటర్ పాసయ్యాను. డిగ్రీలో సీటు వచ్చింది. కాలేజీకి పోవాలని ఎంత ఆశో చెప్పలేను. చదువు మీద ఎంత, బోకులు తోమే ఆ బూడిదకు దూరంగా కూర్చోవచ్చని ఎంత అంటే నిజాయితీగా లెక్క తేల్చలేను. సంగతి తెలిసి అవ్వ, పంక్తిలో చుట్టాలంతా కూర్చుని ఉండగా, నాయనను అడిగింది: "అది కాలేజీకి పోతే ఈ బోకులు ఎవురు తోముతారురా? నువ్వు తోముతావా?" మగవాడిని, అందునా అంగడి యజమానిని, పదిమందిలో అనదగిన మాటేనా అది? నాయన మొహం కందగడ్డ అయింది. "నేనెందుకు తోముతా? మిషను తోముతాది!" అన్నాడు. ఏ మిషను, యాడ దొరుకుతుంది అన్నది ఆ క్షణానికి ఆయనకూ తెలియదు. అవ్వ మాత్రం గట్టిగా పట్టుకుంది. "సరే. మిషను తోమితే అది కాలేజీకి పోనీ. తోమకపోతే ఇంట్లో ఉండనీ. అందురూ ఇన్నారు కదప్పా?" అందరూ విన్నారు, మజ్జిగ కూడా పోయించుకున్నారు. అలా నా చదువు, ఇంట్లో లేని ఒక మిషను మీద ఆధారపడింది.

మా నాయనది కాలిపోయిన బావి మోటార్లకు కాయిలు చుట్టే అంగడి. తీగ కొనడానికి మదరాసు పోయినప్పుడు, ఊరు విడిచిపోయిన ఒక దొర బంగళా సామాను వేలం వేస్తున్నారని విని పోయి, బోకులు తోమే ముసలి సీమ మిషను ఒకదాన్ని పాడుకుని వచ్చాడు. మామిడిపండ్లు దింపి వస్తున్న లారీలో, ఖాళీ బుట్టల నడుమ, అది మా వీధిలో దిగింది. ఒకప్పుడు తెల్లగా ఉన్న ఒళ్ళు టీ రంగుకు తిరిగింది. పైన మూత, లోపల తీగ అరలు, అడుగున ఒక విరిగిన రెక్క. ఆ రెక్క గిర్రున తిరిగి నీళ్ళను తట్టల మీదికి ఎగజిమ్మితే అవి శుభ్రపడతాయట. వీధిలోవాళ్ళు ఇనప్పెట్టె అనుకుని మాకు మర్యాద పెంచారు. అవ్వ మూత ఎత్తి చూసి, "దీనికి చేతుల్లేవే, ఎట్లా తోముతాది?" అంది. ఆ ప్రశ్నకు జవాబు మాకు చివరి దాకా దొరకలేదు.

నాయన ఉత్సాహంగా దాన్ని మన కరెంటుకు తగిలించాడు. అది వాళ్ళ దేశపు తక్కువ కరెంటుకు చేసిన మోటారు, ఒక్కసారి మూలిగి పొగ వదిలి చల్లబడింది. "మంచిదే, ఇంక నా పద్ధతిలో చుడతా" అన్నాడు ఆయన, పొగలో దగ్గుతూ. ఆ రోజు నుంచి మా వెనకవసారా కార్ఖానా అయిపోయింది. ఇనుము చెక్కే లేతు మిషను అంగడాయన (మేం లేతు మామ అనేవాళ్ళం) అల్యూమినియంతో కొత్త రెక్క చేశాడు. మూత చుట్టూ కారకుండా లారీ ట్యూబు కోసి అంటించారు. సలహాలివ్వడానికి వీధిలోని మగవాళ్ళంతా వచ్చారు. పొద్దున కాఫీ, మధ్యలో మజ్జిగ, సాయంత్రం మళ్ళీ కాఫీ. అంట్లు తోమే మిషనును బాగుచేసే మహానుభావులు తాగిన గ్లాసులన్నీ ఎవరు తోమారనుకుంటున్నారు? పైగా పరీక్షించడానికి ఎంగిలి తట్టలు కావాలని, నేను అప్పుడే తోమి బోర్లించిన తట్టలకు పప్పు పూసేవాళ్ళు! "ఎండిన పప్పు అయితే బాగుంటాదిరా, ఎండలో పెట్టు" అని లేతు మామ సలహా. నాకు ఒళ్ళు మండిపోయేది. కాలేజీ తెరిచే రోజు దగ్గరపడుతోంది, వీళ్ళు తట్టల్లో పప్పు ఎండేసుకుంటున్నారు.

మొదటి పరీక్ష మంచిరోజు చూసి పెట్టారు. అవ్వ మిషనుకు పసుపు రాసి బొట్టు పెట్టింది, నాయన టెంకాయ కొట్టి స్విచ్చి వేశాడు. బావి మోటార్లు చుట్టి చుట్టి అలవాటైన చెయ్యి కదా, ఈ చిన్నదానికీ ఎకరా తడిపే బలం ఎక్కించినట్టున్నాడు. లోపల తట్టలు ఒకదాన్నొకటి కొట్టుకుని, మూత ఎగిరి, నీళ్ళు దూలాన్ని తాకాయి. ఒక గ్లాసు నేరుగా వచ్చి లేతు మామ నుదుటిని పలకరించింది. "మోటారు బ్రహ్మాండంగా ఉండాది!" అన్నాడు నాయన, తలమీద నీళ్ళు తుడుచుకుంటూ. పప్పు మాత్రం తట్టలకు అట్లే ఉంది, ఇంకా కొంచెం దూలానికీ చేరింది.

బలం తగ్గించి మళ్ళీ చుట్టి, మిషనును వంటింట్లోకి చేర్చాక అవ్వకు ధర్మసందేహం వచ్చింది. "ఎంగిలి తట్ట మీద పడిన నీళ్ళే మళ్ళీ పైకొచ్చి అన్నం సట్టి మీద పడతాయా? ఛీ ఛీ, వంటబోకులు దీంట్లో వేస్తే నేను ఉపాసముంటా." సరే, వంటబోకులు చేత్తో, తిన్నవి మిషనులో అని రాజీ కుదిరింది. తరువాత సబ్బు. సబ్బులో కొవ్వు కలుపుతారని అవ్వకు గట్టి నమ్మకం. "కుంకుడుకాయ ఉండగా సబ్బెందుకురా? తలకు పనికొచ్చింది తట్టకు పనికిరాదా?" నాయనకు అది న్యాయంగా తోచింది. చిక్కటి కుంకుడు రసం చెంబుతో పోసి మూత వేశాడు. అంతే! ట్యూబు సందుల్లోంచి నురగ మొదలైంది. వంటిల్లు దాటింది, నడవ దాటింది, వీధి అరుగు మీద గుండ్లకు చందనం పూసుకుని చల్లగా కూర్చున్న ఐరాల బలగం కాళ్ళ దాకా వెళ్ళింది. "ఇదేందప్పా, పాలు పొంగినాయా?" అని అడిగాడు పెదనాయన. ఎవరి కంట్లోనో పడింది, ఆ పెడబొబ్బలకు వీధంతా వచ్చింది. నేను అందరిముందే ఏడ్చాను. నురగ వల్లనే అనుకున్నారు.

కాలేజీ తెరిచే రోజు పొద్దున, రాత్రి తిని పడుకున్న వడమాలపేటవాళ్ళ బోకులు కుప్పగా ఉన్నాయి. ఓణీ వేసుకుని నిలబడ్డాను గానీ కాళ్ళు కుప్ప వైపే పోతున్నాయి. నాయన వచ్చి, "నువ్వు పో మే, రాత్రి దాన్ని సరిచేసినా" అని, అన్నీ లోపలికి చేర్పించి వంటింటి తలుపు గడియ పెట్టుకున్నాడు. మిషను బుర్రుమంది. నేను కాలేజీకి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి వసారాలో తట్టలు, సట్లు, చెంబులు తళతళలాడుతున్నాయి. వడమాలపేట అత్త ముక్కున వేలేసుకుని ఊరికి బయలుదేరింది. ఇక రోజూ అదే వరస. మిషను ఊరంతా పేరు తెచ్చుకుంది. వంటబోకులు కూడా దాంట్లోనే తోముతున్నా అవ్వ ఎందుకు ఉపాసం ఉండలేదో నాకు తట్టనే లేదు. చదువుకుంటున్నానన్న పొగరు అప్పుడే ఎక్కింది మరి.

కొన్నాళ్ళకు, వానొచ్చేట్టుందని గొడుగు కోసం సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. వెనకవసారాలో దండెం మీది గొడుగు తీస్తూ వంటింటి కిటికీలోంచి చూశాను. మిషను మూత తెరిచే ఉంది, లోపల ఒక్క తట్ట లేదు, ఒట్టి రెక్క బుర్రున తిరుగుతోంది. దాని పక్కన నేలమీద గొంతుక్కూర్చుని, పంచె మోకాళ్ళపైకి ఎగగట్టి, చేతిలో చింతపండు పీచుతో మా నాయన అన్నం సట్టి తోముతున్నాడు. అవ్వ తలుపుకు వీపు ఆనించి కాపలా. "అడుగు సరిగ్గా రుద్దురా. ఇట్లా తోమితే మిషను చెడిపోయిందనుకోరా జనం?" అంటోంది. నాయన "ఊఁ" అని ఇంకాస్త బూడిద తీసుకున్నాడు. ఇంతలో బయటినుంచి పక్కింటత్త గొంతు: "పెద్దమ్మా, మీ మిషను ఒకపారి సూస్తానే!" అవ్వ కదల్లేదు. "వద్దు మా, నడిచేటప్పుడు దగ్గిరికొస్తే కరెంటు కొడతాది!" అని అరిచింది.

నోరు మూసుకుని వీధి చివరి దాకా నవ్వాను. ఆ తరువాత ఏడుపు వచ్చింది. కొడుకు ఎంగిలి తట్టలు తోమడం కంటే, మిషను తోమలేదని పదిమందిలో మాట పోగొట్టుకోవడమే ఆ ముసలామెకు పెద్ద అవమానమైందని అప్పుడు అర్థమైంది. నా చదువు కోసం ఆమె ఆ తలుపు కాయలేదు, వంశ ప్రతిష్ఠ కోసం కాసింది. నాయన దేనికోసం తోమాడో ఆయన చెప్పలేదు. నేను చూశానని నేనూ చెప్పలేదు. డిగ్రీ చేతికి వచ్చినప్పుడు చుట్టాలంతా "మిషను పుణ్యం" అన్నారు. నాయన వినయంగా తల ఊపాడు.

ఆ సంవత్సరమే శ్రీకాళహస్తి చిన్నాయన వచ్చి కూర్చున్నాడు. "నా కూతురు కూడా కాలేజీ అంటా ఉండాదన్నా. ఇంట్లో పని యాడ తెమలతాది? నీ పిల్ల చదువైపోయింది కదా, ఆ మిషను మాకియ్యి." నాయన లేచి, "ఎట్లా నడపాల్నో సూపిస్తా రా" అని ఆయన్ని వంటింట్లోకి తీసుకుపోయి తలుపు వేశాడు. లోపల మిషను చప్పుడు రాలేదు. బయటికి వచ్చేటప్పుడు చిన్నాయన చొక్కా చేతులు దించుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా చెప్పులు వేసుకున్నాడు. మిషనును తీసుకుపోలేదు. పిల్ల మాత్రం కాలేజీలో చేరింది.

మొన్న ఒక పెండ్లిలో ఆ పిల్ల (ఇప్పుడు మనవరాలున్న పిల్ల) నా పక్కన కూర్చుని, "అక్కా, నేను కాలేజీకి పోయిన్నాళ్ళూ మా నాయన పొద్దున్నే వంటింట్లో గడియ పెట్టుకునేవాడు. ఏం చేసేవాడో ఇప్పటికీ తెలీదు" అంది. చెబుదామని నోటి దాకా వచ్చింది. నాకూ వయసు వచ్చిందిగా, ఇంటి పరువు తలుపు కాయడం నేర్చుకున్నాను. "మిషను బాగుచేసుకుంటా ఉండుంటాడులే" అన్నాను.