చింతపిక్కలతో చేసిన మనిషి

నాకు కోపం ఎక్కువ. పాఠాలు చెప్పేవాళ్ళకి అది పనికిరాదంటారు. అమలాపురంలో పదహారేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, పిసరంత కూడా తగ్గలేదు. ఆ ఆదివారం మా పిన్ని మీద కూడా వచ్చేసింది. పావుగంట తిరక్కుండా సిగ్గుతో చచ్చిపోయేను.

మా పిన్ని మస్కట్‌లో ఒకరింట్లో వంట చేస్తూ పన్నెండేళ్ళు ఉండిపోయింది. వెళ్ళినప్పుడు కూతురు మూడో తరగతి. తిరిగొచ్చేసరికి డిగ్రీ పూర్తి చేసేసింది. బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాళ్ళయినా ఆ తల్లీకూతుళ్ళకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు.

"అన్నం తింటావామ్మా?"

"తినేసేనండీ."

అంతే. మా ఇళ్ళల్లో కన్నతల్లిని అండీ అనే పిల్లని నేనింకెక్కడా చూడలేదు. ఆ పిల్లకి వైజాగ్‌లో పీజీ సీటొచ్చింది, నెల తిరిగేసరికి హాస్టల్‌కి వెళ్ళిపోతుంది. "వెళ్ళేలోపు నాతో నాలుగు మాటలు మాట్లాడితే చాలే" అని పిన్ని నా దగ్గర కూర్చుని ఏడ్చింది. చెల్లి నాతో బాగానే ఉంటుంది. ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి నాకు తోచిన దారి ఆట ఒక్కటే.

ఆ ఆట నేను హైదరాబాదులో ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు నేర్చుకున్నాను. గెలవడం, ఓడడం ఉండవు. నలుగురు చుట్టూ కూర్చుని తలో మనిషినీ కల్పించుకుంటారు. ఆ మనిషిలాగే మాట్లాడుతూ, మధ్యమధ్యలో పాచికలు వేస్తూ కథ నడిపించుకుపోతారు. మొదటిసారి చూసినప్పుడు, పగలంతా లెక్కలు తప్ప ఇంకో ముక్క మాట్లాడని ఒకాయన, ముసలి పడవవాడైపోయి మా అందర్నీ లేని ఏరు దాటించేసేడు. ఒట్టు, నా కాళ్ళు తడిసినట్టే అనిపించింది. చేతిలో ఏమీ లేకుండా ఉత్త మాటతో మనిషిని పుట్టించడమేమిటండీ! ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

అయితే ఆటలోకి దిగాలంటే ముందు ఎవరి మనిషిని వాళ్ళు తయారుచేసుకోవాలి. దానికి నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం ఉంటుంది, నిండా గళ్ళే. నేను మహా తెలివైనదాన్ని కదా! దాన్ని శుభ్రంగా తెలుగులో రాసి, రెండు పేజీలకి కుదించి, జిరాక్స్ తీయించి పిన్ని చేతిలో పెట్టేను. "రేపు చర్చిలో ఆరాధన అయ్యేక వస్తాను, నింపి ఉంచు" అని చెప్పి బస్సు ఎక్కేసేను. ఆట అని చెప్పేనో లేదో నాకే గుర్తులేదు.

మర్నాడు వెళ్ళి చూద్దును కదా, పేరు అన్న గడిలో తన పేరే రాసింది. నేర్పులు అన్నచోట వంట, ఇస్త్రీ, పసిపిల్లల్ని చూడడం అని ఉంది. పైన మూలకి ఫొటో అంటించి, వెనక పాస్‌పోర్ట్ జిరాక్స్ పిన్ను కొట్టింది.

"ఇదేంటి పిన్నీ! ఆటకి పాస్‌పోర్ట్ ఎందుకు? బుర్ర ఉందా నీకు?" అని గట్టిగా అరిచేసేను.

పిన్ని బిత్తరపోయి చూసింది. "ఆటా? మళ్ళీ ఏదో దేశానికి చూస్తున్నావేమో అనుకున్నానమ్మా. ఎప్పుడెళ్ళాలో నువ్వే చెబుతావు కదా అని ఊరుకున్నాను."

మా వైపు గళ్ళున్న కాయితం ఇంటికొచ్చిందంటే ఎవరో ఒకరు ప్రయాణమవుతున్నారనే లెక్క. ఆ సంగతి నాకు తెలీదా? ఎందుకని కూడా అడక్కుండా మళ్ళీ వెళ్ళిపోవడానికి సిద్ధపడిపోయింది చూడండి. గుమ్మంలో నిలబడ్డ చెల్లి ఆ ఫొటో వంక ఒకసారి చూసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చేజేతులా చెడగొట్టేనని ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ, అంటే దేవుడు తమ బతుకులో చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి చెప్పుకునే వేళ, ఒకావిడ లేచింది. కూలిపని చేసుకుంటుంది, సంతకం కూడా రాదు. చేతిలో కాయితం లేదు. ఎక్కడ పుట్టిందో, దేనికి భయపడిందో, ఆ భయంలోంచి ఎలా గట్టెక్కిందో గుక్క తిప్పుకోకుండా చెప్పేసి కూర్చుంది. చిన్నప్పట్నుంచీ వింటున్నవే, కానీ ఆ రోజు నోరు తెరుచుకుని ఉండిపోయేను. మనిషంతా ఆ మూడు ముక్కల్లోనే వచ్చేసింది! ఈ విద్య మా ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ వచ్చు. నేను గళ్ళు గీసుకుంటూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి ఫారాలు చించి పొయ్యిలో పడేసేను. పది చింతపిక్కలు, మూడు సాసర్లు అడిగేను. చెల్లిని బతిమాలి పిలిస్తే "రాసిపెడతానక్కా, ఆడను" అంటూ నోట్‌బుక్ పట్టుకుని ఓ మూల కూర్చుంది.

"పిన్నీ, సాక్ష్యం చెప్పు. నీది కాదు, లేని మనిషిది."

"అబద్ధపు సాక్ష్యం పాపం కదే!"

"పాస్టర్ గారు ఉపమానాలు చెబుతారు. అది పాపమా?"

పిన్ని లేచి నిలబడింది, అచ్చం చర్చిలోలాగే నెత్తిన కొంగు కప్పుకుంది.

"నేను ఏటి అవతల లంకలో పుట్టేను. రేవులో దీపాలు వెలిగించడం నా పని. చీకటంటే భయం లేదు, నీళ్ళంటే లేదు. ఇంటికెళ్ళేసరికి నన్నెవరూ గుర్తుపట్టరేమోనని ఒక్కటే భయం. అయినా రోజూ దీపం వెలిగించేను. ఇంకా వెలిగిస్తున్నాను."

ఇన్నేళ్ళలో పిన్ని నోట అన్ని మాటలు ఒక్కసారిగా నేను వినలేదు. ఆ లంకావిడ మా మధ్య నిలబడి ఉంది. కావాలంటే చేత్తో ముట్టుకోవచ్చు.

ఒక సాసరు బలానికి, ఒకటి తెలివికి, ఒకటి ధైర్యానికి అని చెప్పి, ఆ లంకావిడకి చింతపిక్కలు పంచమన్నాను. బలం సాసర్లో ఒకటి, తెలివిలో రెండు, ధైర్యంలో ఏడు వేసింది. బలం అంత తక్కువేమిటంటే "పని చేసేవాళ్ళకి అది దానంతటదే వస్తుందిలే" అంది.

"ఇప్పుడొక శక్తి కోరుకో. మామూలు మనుషులకి లేనిది. గాల్లో ఎగరడమో, నిప్పు కురిపించడమో, నీ ఇష్టం."

పిన్ని సాసర్ల వంక చూసింది. "ఒకేసారి రెండు చోట్ల ఉండొచ్చా?" అంది.

"ఉండొచ్చు" అన్నాను.

రాస్తున్న చెల్లి చెయ్యి ఆగిపోయింది. శక్తికి లెక్క ఉండాలని తనకి ముందే చెప్పేను. అందుకని తలెత్తకుండానే అడిగింది. "రోజుకి ఎన్నిసార్లండీ?"

"ఒక్కసారి చాలమ్మా. బడి వదిలే టైముకి."

చెల్లి నోట్‌బుక్‌లో ఏదో కొట్టేసి మళ్ళీ రాసింది.

"రెండుసార్లు పెట్టుకో అమ్మా. జ్వరం వచ్చినప్పుడు కూడా రావాలి కదా."

ఆ రోజు పాచికలు సంచీలోంచి తియ్యనే లేదు. దీపాలు పెట్టేవేళ దాకా ఏ జ్వరం ఏ తరగతిలో వచ్చిందో పిన్ని అడుగుతూనే ఉంది, చెల్లి చెబుతూనే ఉంది.