ఈశ్వరయ్య సెంట్రింగ్ విప్పిన రోజు

శంషాబాద్ చుట్టుపక్కల ఈశ్వరయ్య మేస్త్రీ ముప్ఫై ఏళ్లు ఇళ్లు కట్టాడు. నున్నటి పిల్లర్ మీద ఎవరైనా నేరుగా ప్లాస్టరింగ్ మొదలుపెడితే చేతిలోని తాపీ లాక్కునేవాడు. "గాట్లు కొట్టు ముందుగాల! నున్నగుంటే సిమెంటు మాలు పట్టుకుంటదారా?"

చివరికి నడుములో ఎముక జారింది. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ మధు టైటానియం ముక్క నమూనా చూపించాడు. రెండు ఎముకల మధ్య పెట్టేది. ఒళ్లంతా చిల్లులు. ఈశ్వరయ్య బొటనవేలితో రాసి చూశాడు.

"ఫినిషింగ్ చెయ్యలేదేంది సార్?"

"కావాలనే గరుకుగా చేస్తారండి. ఈ చిల్లుల్లోకి ఎముక పెరిగి పట్టుకుంటుంది."

"గాట్లన్న మాట."

ఇంత తొందరగా అర్థం చేసుకున్న పేషెంటు దొరకలేదని డాక్టర్ మురిసిపోయాడు. "అంతే! స్లాబు పోసినట్టే అనుకోండి. గట్టిపడేదాకా కింద సెంట్రింగ్ ఉండాలి కదా? ఆపరేషన్ తర్వాత నడుముకు కట్టే ఈ బెల్టే మీ సెంట్రింగ్." మూడు నెలలని కాగితం మీద రాశాడు. స్లాబు సంగతి ఒకరు రాసివ్వాలా అనుకుని, ఈశ్వరయ్య చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక బీడీ మానేశాడు. చెప్పు కోసం కూడా వంగలేదు. కొత్త విల్లా పని కాంట్రాక్టర్ కొండల్ ఆయన కోసమే ఆపాడు. ఇరవై ఒకటో రోజు పొద్దున బెల్టు విప్పి మేకుకు తగిలించి, కొండల్ అనుకున్నదానికంటే ముందే వచ్చానన్న గర్వంతో సైటుకు వెళ్లాడు. నిండు మాలు బకెట్ ఎత్తగానే నడుము కలుక్కుమంది.

ముక్కను బిగించిన స్క్రూల్లో ఒకటి కదిలినట్టు ఎక్స్‌రేలో కనిపించింది. ఎముక ఇంకా పట్టుకోలేదు.

"బెల్టు ఎవరు తీయమన్నారు?"

"మీరే సార్. స్లాబన్నరు. స్లాబుకు ఇరవై ఒక్క దినాలే. ముప్ఫై ఏండ్లల్ల ఒక్కటి గూడ కూలలే."

డాక్టర్ కొత్త కాగితం తీశాడు. మళ్లీ మొదటి నుంచి మూడు నెలలన్నాడు. అప్పటికీ పట్టుకోకపోతే ఇంకో ఆపరేషన్. ఈసారి దేనితోనూ పోల్చలేదు.

కొండల్ విల్లా పని ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం భార్య స్వరాజ్యం బెల్టు మీద మార్కర్‌తో ఒక తారీఖు రాసింది. ఈశ్వరయ్య తల తిప్పి చదివాడు.

"స్లాబు మీద పోసిన తారీఖు రాస్తరు. నువ్వు తీసే తారీఖు రాసినవేంది?"

"పోసింది రాస్తే నువ్వు మళ్ల లెక్కపెడతవ్," అంది స్వరాజ్యం, బెల్టు బిగిస్తూ.